పాత మటన్ కత్తి: గుర్తుపట్టడం, బాగుచేసుకోవడం – తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో కొన్నదైనా, ఎర్రగడ్డ ఆదివారం సంతలో బేరమాడి తెచ్చుకున్నదైనా, తాతగారి ఇనప్పెట్టెలో బయటపడ్డదైనా, తుప్పు పట్టిన పెద్ద కత్తి చేతికి రాగానే అందరికీ ఒకటే ఆత్రం. దాన్ని వెంటనే తళతళలాడించాలి. దయచేసి ఆ ఆత్రాన్ని కొన్నాళ్లు ఆపుకోండి. తుప్పు తినేసిన పాత కత్తుల కంటే గ్రైండర్ తినేసినవే నేను ఎక్కువ చూశాను. తుప్పు నెమ్మదిగా తింటుంది కాబట్టి దాన్ని ఆపే వీలుంటుంది. గ్రైండర్ తీసేసిన ఉక్కు మాత్రం మళ్లీ రాదు.

నా దగ్గరున్నది మటన్ కత్తేనా? మామూలు వంటింటి కత్తి కాదని ఎలా తెలుస్తుంది?

ముందు ఆకారం చూడండి. మన మటన్ షాపుల్లో ముఖ్యంగా మూడు రకాల కత్తులు పనిచేస్తాయి. ఎముకలు కొట్టడానికి బుగ్దా, అంటే చాపర్. అది వెడల్పుగా, బరువుగా, వెన్ను మందంగా ఉంటుంది. మాంసం కోయడానికి ఛురీ. పొడవుగా ఉండి, కొన దగ్గర అంచు పైకి తిరిగి ఉంటుంది. తోలు ఒలవడానికి, ఎముక నుంచి మాంసం విడదీయడానికి సన్నటి చిన్న కత్తి. ఇంగ్లండ్‌లోనో జర్మనీలోనో తయారైన పాత కత్తులు కూడా దాదాపుగా ఈ మూడింటిలో ఏదో ఒక కోవకే వస్తాయి.

చాలామంది పొరబడేది అరిగిపోయిన ఛురీ దగ్గర. ఏళ్ల తరబడి సాన పట్టీ పట్టీ వెడల్పు సగానికి తగ్గిన ఛురీ, పుట్టుకతోనే సన్న కత్తిలా కనిపిస్తుంది. వెన్ను మీద చెయ్యి పెట్టి చూడండి. ఆ వెడల్పుకి ఉండాల్సిన దానికంటే వెన్ను మందంగా ఉన్నా, కంపెనీ ముద్ర పదును అంచుకు మరీ దగ్గరగా వచ్చేసినా, అది ఒకప్పుడు చాలా వెడల్పైన కత్తి. అలాంటిదాన్ని నేనైతే ఎక్కువ గౌరవంగా చూస్తాను. దానితో ఒక కుటుంబం బతికింది.

ముద్ర ఏమీ కనబడటం లేదు. ఎక్కడ వెతకాలి?

పిడికి దగ్గరగా, బ్లేడు ఎడమ పక్కన. అంటే కత్తిని కుడి చేత్తో, పదును కిందికి ఉండేలా పట్టుకున్నప్పుడు మీ వైపు కనిపించే పక్క. అక్కడ లేకపోతే రెండో పక్క చూడండి, తర్వాత పిడి మీద చూడండి.

ముద్ర కోసమని గీకొద్దు, సాండ్‌పేపర్ అసలు పెట్టొద్దు. చీకటి గదిలో ఫోన్ టార్చిని బ్లేడుకు దాదాపు ఆనించి, పక్క నుంచి వెలుతురు పడేలా తిప్పుతూ చూడండి. తుప్పు కింద ఉన్న అక్షరాలు కూడా నీడల్లా తేలుతాయి. అయినా చదవలేకపోతే కొంచెం టాల్కం పౌడర్ రుద్ది తుడవండి, గుంటల్లో తెల్లగా నిలబడుతుంది. పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దినా అచ్చు వస్తుంది. ఫోటోలు తీసుకున్నాకే మిగతా పని మొదలుపెట్టండి.

ముద్ర దొరికింది. అదేం చెబుతుంది?

హైదరాబాద్‌లో పాత విదేశీ కత్తి అనగానే ఎక్కువమంది నోట వచ్చే పేరు రాడ్జర్స్. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ ఊరికి చెందిన జోసెఫ్ రాడ్జర్స్ అండ్ సన్స్ కంపెనీ అది. దాని గుర్తు ఒక నక్షత్రం, పక్కన మాల్టా శిలువ, అంటే నాలుగు చేతులూ చివర్లకు వెడల్పయ్యే శిలువ. ఆ గుర్తు 1764లో ఆ కంపెనీకి దక్కింది. కొన్ని కత్తుల మీద నార్‌ఫోక్ స్ట్రీట్ అనే చిరునామా కూడా ఉంటుంది. ఆ పేరుకున్న గిరాకీ వల్ల నకళ్లు కూడా బాగా వచ్చాయి. పేరులో ‘డి’ అక్షరం లేకపోయినా, నక్షత్రం ఉండి శిలువ లేకపోయినా, అక్షరాలు ఒకదానికొకటి పొంతన లేకుండా పడినా అనుమానించండి.

షెఫీల్డ్‌దే ఇంకో పాత పేరు జార్జ్ వోస్టెన్‌హోమ్, దాని గుర్తు ఐ ఎక్స్ ఎల్. కసాయి పనికే పేరుపడ్డది మాత్రం విల్సన్ కత్తి. దాని మీద మిరియపు గింజల్లాంటి చుక్కలు, ఒక డైమండ్ గుర్తు ఉంటాయి. జర్మనీ వైపు వస్తే, చేతులు చాచి నిలబడ్డ కవలల బొమ్మ జోలింగెన్ ఊరి హెంకెల్స్‌ది. 1731 నుంచి వస్తున్న గుర్తు అది. 1778లో మొదలైన ఎఫ్. డిక్ కంపెనీ కసాయి కత్తులకు, పదును కడ్డీలకు ఇప్పటికీ పెద్ద పేరు.

కంపెనీ పేరు లేకుండా పైకి చూపే బాణం గుర్తు ఒక్కటే ఉంటే బ్రిటిష్ ప్రభుత్వ సామాను అయ్యే అవకాశం ఉంది. సైన్యం సరుకు మీద ఆ ముద్ర వేసేవారు. తిరుమలగిరి, బొల్లారం కంటోన్మెంట్ ఉన్న ఊరు మనది కాబట్టి అలాంటివి ఇక్కడ కనబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. బాణం పక్కన సంవత్సరం అంకెలు కూడా ఉన్నాయేమో చూడండి.

ఎంత పాతదో కచ్చితంగా చెప్పొచ్చా?

కచ్చితంగా చెప్పడం అరుదు. హద్దులు మాత్రం వేయొచ్చు. ‘స్టెయిన్‌లెస్’ అని ఉంటే 1913 తర్వాతిదే, ఎందుకంటే షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ ఆ ఉక్కును తయారుచేసింది అప్పుడే. ఇంగ్లిష్ కత్తి మీద కిరీటం, రాజు పేరు పొడి అక్షరాలు ఉంటే ఇంకా తేలిక. వి ఆర్ అంటే విక్టోరియా రాణి, 1901 వరకు. ఇ ఆర్ అంటే ఏడో ఎడ్వర్డ్, 1901 నుంచి 1910 వరకు. జి ఆర్ అంటే అయిదో జార్జ్ గానీ, ఆరో జార్జ్ గానీ, అంటే 1910కి 1952కి మధ్య. కానీ ఇ ఆర్ దగ్గర జాగ్రత్త, 1952 తర్వాత ఎలిజబెత్ రాణికీ అదే వాడారు.

‘ఇంగ్లండ్’ అనో ‘జర్మనీ’ అనో దేశం పేరు ఉంటే 1890 తర్వాతది కావడానికే ఎక్కువ అవకాశం. సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేసింది. దాంతో చాలా కంపెనీలు సరుకంతటి మీదా దేశం పేరు కొట్టడం మొదలుపెట్టాయి.

అమ్మేవాళ్లు చెప్పే ‘నిజాం కాలంది’ అన్న మాటను మాత్రం ఆధారంగా తీసుకోకండి. చివరి నిజాం పాలన 1911 నుంచి 1948 దాకా నడిచింది. అంత విశాలమైన కాలం పేరు చెప్పి దేన్నైనా అమ్మొచ్చు.

ముద్రే లేదు. అయితే విలువ లేనిదా?

అస్సలు కాదు. మన దగ్గర మటన్ కత్తుల్లో చాలావాటిని కమ్మరులే కొలిమిలో కొట్టారు. లారీ కమాన్ పట్టాలు అందుకు బాగా వాడతారు. ఆ స్ప్రింగు ఉక్కు దెబ్బకు విరగదు, పదును నిలుపుకుంటుంది, బుగ్దాకు అంతకంటే ఏం కావాలి? వెన్ను మీద సుత్తి దెబ్బల పల్లాలు, రెండు పక్కలా కొద్దిగా తేడాగా ఉన్న మందం, పిడి వైపు క్రమంగా మారే వెడల్పు చేతిపనికి గుర్తులు. బ్లేడు మీద అడ్డగీతలు సన్నగా, ఒకే దూరంలో కనిపిస్తే పాత ఆకురాయిని సాగగొట్టి చేసిన కత్తి అయి ఉండొచ్చు. ఆ గీతలు ఆకురాయి పళ్ల జాడలు.

ఆ సుత్తి గుర్తులను చదును చేయకండి. షెఫీల్డ్ కత్తికి ముద్ర ఎంతో, దీనికి అవి అంత.

బ్లేడు మీద నీటి అలల్లాంటి చారలున్నాయి. ఇది నిర్మల్ ఉక్కా?

ఈ ప్రశ్న వెనకున్న ఆశ నాకు అర్థమవుతుంది, ఎందుకంటే ఆ చరిత్ర నిజంగా మనదే. నిర్మల్ ప్రాంతంలో, ఇప్పటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మూసల్లో, అంటే మట్టి పాత్రల్లో, కరిగించి తీసిన ఉక్కు దూరదేశాలకు పోయేది. హెన్రీ వాయ్సీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త కోనసముద్రం వెళ్లి కొలుములు చూసి రాసిన వివరాలు 1832లో అచ్చయ్యాయి. ఇస్ఫహాన్ నుంచి వచ్చి ఆ ఉక్కు కొనుక్కునే వర్తకుడి గురించి కూడా అందులో ఉంది. డమాస్కస్ కత్తులని లోకం మెచ్చుకున్న వాటికి మూలం ఈ రకం ఉక్కే.

కానీ అలాంటి ఉక్కు ఎక్కువగా ఖడ్గాలకు, బాకులకు పోయింది. మటన్ కత్తి మీద చారలు కనిపిస్తే మూడు అవకాశాలు ముందు చూడాలి. ఒకటి, రెండు రకాల ఉక్కు పొరలు కలిపి కొట్టిన ఈ మధ్య కాలపు ‘డమాస్కస్’ కత్తి. అందులో చారలు పెద్దగా, ఒకే పద్ధతిలో, వెన్ను మీద కూడా పొరలుగా కనిపిస్తాయి. రెండు, యాసిడ్‌తో పైపైన వేసిన బొమ్మ. అది వెన్ను మీదికి రాదు. మూడు, కేవలం తుప్పు తిన్న తీరు. అసలు మూస ఉక్కు చారలు చాలా సన్నగా, క్రమం లేకుండా ఉంటాయి.

యాసిడ్ పోసి పరీక్షించవద్దు. నిజంగా అనుమానం ఉంటే తుప్పు కూడా తీయకుండా లోహశాస్త్రం తెలిసినవారికి చూపించండి.

కార్బన్ స్టీలా, స్టెయిన్‌లెస్సా? అయస్కాంతం పెడితే తెలుస్తుందా?

తెలియదు. కత్తులకు వాడే స్టెయిన్‌లెస్ కూడా అయస్కాంతానికి అంటుకుంటుంది. శుభ్రం చేసిన చోట, ఎవరికీ కనిపించని మూలలో, ఒక నిమ్మరసం చుక్క వేసి అయిదు నిమిషాలు ఆగండి. బూడిద రంగుకో నలుపుకో తిరిగితే కార్బన్ స్టీలు. వెంటనే కడిగి తుడిచేయండి.

ఏది కొనకూడదు?

పగులున్నది. బ్లేడు పిడిలోకి దూరే చోట, బుగ్దా అయితే పిడి దగ్గరి మూలలో, సన్నటి పగులు ఉందేమో చూడండి. పిడి పట్టుకుని బ్లేడును వేలి గోటితో మీటితే ఖంగున మోగాలి. పిడి వదులుగా ఉన్నా మోత చచ్చిపోతుంది కాబట్టి ఈ ఒక్క పరీక్ష మీదే తీర్పు చెప్పకండి. బ్లేడుకు వెల్డింగ్ చేసి ఉంటే, అంచు దగ్గర ఇంద్రధనుస్సు రంగులు గానీ నీలి మరక గానీ ఉంటే కూడా వద్దు. పదును అంచు మీదే లోతైన తుప్పు గుంటలుంటే దాన్ని వాడకానికి కొనకండి.

ఏనుగు దంతం పిడి, జింక కొమ్ము పిడి ఉన్నవాటి జోలికి పోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో చిక్కులు వస్తాయి.

తుప్పు ఎలా తీయాలి?

తొందర పడకపోవడమే ఇక్కడ అసలు నేర్పు. మటన్ కత్తి మీద నల్లగా గట్టిపడ్డదంతా తుప్పు కాదు. ఏళ్లనాటి కొవ్వు ఎండి పొరలా పట్టి ఉంటుంది, దాని కింద తుప్పు దాక్కుంటుంది. కాబట్టి ముందు వేడి నీళ్లు, గిన్నెల సబ్బు, ప్లాస్టిక్ బ్రష్‌తో జిడ్డు వదిలించండి. పిడిని నీళ్లలో నానబెట్టొద్దు. చేతులకు మందమైన గ్లోవ్స్ వేసుకోండి. బ్లేడును చెక్క మీద బల్లపరుపుగా పెట్టి, వెన్ను వైపు నుంచి అంచు వైపు తోయండి.

తర్వాత కిరసనాయిలు. ఈ రోజుల్లో నగరంలో అది దొరకడం కష్టం కాబట్టి తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే అయినా పనిచేస్తుంది. బాగా పూసి, గుడ్డ చుట్టి, రాత్రంతా వదిలేయండి. పొద్దున ఇత్తడి తీగల బ్రష్‌తో గానీ, సన్న రకం స్టీల్ ఊల్‌తో గానీ రుద్దితే ఎర్ర తుప్పు చాలావరకు లేచిపోతుంది. మొండి మచ్చలను పాత బ్లేడుతో, వాలుగా పట్టుకుని, మెల్లగా గీకండి. ఇదే పనిని మళ్లీ మళ్లీ చేయండి. ఎక్కువ కత్తులకు ఇంతకు మించి అవసరం ఉండదు.

ఇంకా మిగిలితే తెల్ల వెనిగర్. బ్లేడు మట్టుకే మునిగేలా పెట్టి, అరగంటకోసారి తీసి చూస్తూ ఉండండి. రాత్రంతా వదిలేస్తే మంచి ఉక్కును కూడా తినేస్తుంది, ముద్ర అక్షరాలు పల్చబడతాయి. తీశాక వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, మంచినీళ్లతో కడిగి, పొడి గుడ్డతో తుడిచి, వెంటనే నూనె రాయండి. మధ్యలో ఫోన్ వచ్చిందని పది నిమిషాలు తడిగా వదిలేస్తే కొత్త తుప్పు మొదలవుతుంది.

బాత్‌రూమ్ కడిగే యాసిడ్ మాత్రం వద్దే వద్దు. దాని ఆవిరికి పక్కనున్న పనిముట్లు కూడా తుప్పు పడతాయి, మీ ఊపిరితిత్తుల సంగతి చెప్పక్కర్లేదు.

సాండ్‌పేపర్ తప్పనిసరి అనిపిస్తే 400 నంబరుకు తక్కువది తీసుకోకండి. చెక్క ముక్కకు చుట్టి, నూనె తడితో, పొడవునా ఒకే దిశలో రుద్దండి. ముద్ర ఉన్న చోటును టేపుతో కప్పేయండి.

తుప్పు పోయింది గానీ నల్ల మచ్చలు, నీలి బూడిద రంగు మిగిలాయి.

ఉండనివ్వండి. కార్బన్ స్టీలు మీద వాడకంతో ఏర్పడే ఆ పొర ఎర్ర తుప్పును కొంతవరకు ఆపుతుంది. పైగా అది కత్తి వయసు. దాన్ని తీసి అద్దంలా చేసిన కత్తి నాకు ఎప్పుడూ కొత్త కత్తిలాగే కనిపిస్తుంది.

సైకిల్ మీద సాన పట్టేవాళ్లకు ఇవ్వొచ్చా?

బక్రీద్ ముందు బస్తీల్లో తిరిగే వాళ్లలో చెయ్యి తిరిగినవాళ్లున్నారు. భయమల్లా వేడి గురించే. కమ్మరి పాయనం పట్టి, అంటే ఎర్రగా కాల్చి ముంచి, గట్టిపరిచిన ఉక్కు, పొడి సానరాయి మీద వేగంగా ఆనిస్తే క్షణాల్లో కాలుతుంది. అంచు గడ్డి రంగుకు తిరిగిందంటే దాదాపు 230 డిగ్రీలు, నీలం రంగుకు వచ్చిందంటే దాదాపు 300 డిగ్రీలు దాటినట్టు. నీలమైన చోట ఉక్కు మెత్తబడింది, ఇక అక్కడ పదును నిలవదు.

అందుకే పాత కత్తి ఇస్తే పక్కనే నిలబడండి. ‘అన్నా, పాత కత్తి, కొంచెం మెల్లగా, మధ్యమధ్యలో నీళ్లలో ముంచుతూ పట్టవా’ అని అడగండి. మర్యాదగా అడిగితే ఎవరూ కాదనరు. రోజూ వాడే కొత్త కత్తులకు ఇంత టెన్షన్ అక్కర్లేదు.

ఇంట్లో నేనే పదును పెట్టుకోవాలంటే?

హార్డ్‌వేర్ షాపులో రెండు వైపులా వాడుకునే కార్బరండం రాయి దొరుకుతుంది. గరుకు వైపు మొదలుపెట్టి నున్న వైపుతో ముగించాలి. వీలైతే 1000 నంబరు నీటి రాయి కూడా ఒకటి తీసుకోండి.

కోణమే ముఖ్యం. ఛురీకి ఒక్కో పక్క 20 డిగ్రీలు బాగుంటుంది. కొలవడం తేలికే: బ్లేడు 50 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే, అంచు రాయికి ఆనించి వెన్నును 17 మిల్లీమీటర్లు పైకి లేపండి. ఎముకలు కొట్టే బుగ్దాకు 25 డిగ్రీలైనా ఉండాలి, 30 ఉన్నా తప్పులేదు. 80 మిల్లీమీటర్ల బుగ్దాకు వెన్ను 34 మిల్లీమీటర్లు లేపితే 25 డిగ్రీలు వస్తుంది. బుగ్దాకు ఛురీలా సన్నటి పదును పెడితే మొదటి నల్లీ ఎముకకే అంచు పెళుసుగా రాలుతుంది.

ఒక పక్క రుద్దుతూ పోతే రెండో పక్కన పొడవునా సన్నటి గరుకు అంచు వేలికి తగులుతుంది. తగిలిందంటే పక్క మార్చండి. వేలిని అంచు వెంబడి కాకుండా, వెన్ను నుంచి అంచు బయటికి జార్చి చూడాలి.

అంచులో ముక్కలు ఊడి ఉన్నాయి. బ్లేడు కొంచెం వంగింది కూడా.

చిన్న గండ్లను వదిలేయండి, నాలుగుసార్లు సాన పడితే వాటంతటవే పోతాయి. ఒక్క గండి కోసం బ్లేడంతా అరగదీయడం దుబారా. వంపు విషయం వేరు. గట్టి ఉక్కును చల్లగా ఉండగా సుత్తితో కొడితే విరిగిపోవచ్చు, వేడి చేస్తే పాయనం పోతుంది. వంపు కొద్దిగా ఉండి కోతకు అడ్డు రాకపోతే అలాగే వాడండి. ఎక్కువైతే కమ్మరి దగ్గరికి తీసుకెళ్లండి.

పిడి పగిలింది. కొత్తది వేయించాలా?

పాత పిడిని కాపాడగలిగితే కాపాడండి. సన్నటి పగుళ్లకు పల్చటి ఎపాక్సీ జిగురు నింపి, బిగించి, ఒక రోజు వదిలితే చాలు. ఎండిన చెక్కకు నూనె పట్టించండి. అవిసె నూనె బాగా గట్టిపడుతుంది, కానీ ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి పారేయొద్దు. ఆరేటప్పుడు వేడెక్కి వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్లలో తడిపి, విప్పి ఆరేయండి.

కొత్త పిడి తప్పదనుకుంటే టింబర్ డిపోలో జిట్రేగి గానీ టేకు గానీ చిన్న ముక్క అడగండి. తుమ్మ చెక్క కూడా దెబ్బకు నిలబడుతుంది. ఇత్తడి కడ్డీ రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది, దాన్ని కోసి రివెట్లుగా వాడొచ్చు. పాత రివెట్లను కొట్టి ఊడగొట్టకుండా డ్రిల్‌తో తీయండి, ఊడదీసిన పాత పిడి ముక్కలను కూడా దాచుకోండి. చెక్క, రివెట్ల తల, ఉక్కు మూడూ ఒకే మట్టంలో ఉండాలి. సందు మిగిలితే నీళ్లు, రక్తం లోపలికి పోయి పిడి లోపల ఇనుము కుళ్లుతుంది.

దంతంలా కనిపించే పాత ప్లాస్టిక్ పిడికి వేడి సూది పెట్టి పరీక్షించవద్దు. సెల్యులాయిడ్ అయితే భగ్గుమంటుంది.

బాగుచేశాక తినే మాంసానికి వాడొచ్చా?

వాడండి, అది పుట్టిందే అందుకు. బ్లేడు మీద ఎర్ర పొడి రాకూడదు, లోతైన గుంటలు ఉండకూడదు, పిడి సందుల్లో పాత మురికి ఉండకూడదు, పిడికి పాత రంగు ఉంటే తీసేయాలి, ఎందుకంటే పాత పెయింట్లలో సీసం ఉండేది. కిరసనాయిలు, డబ్ల్యూడీ-40 వాసన పూర్తిగా పోయేదాకా సబ్బుతో కడగండి. చింత మొద్దు మీదో, మామూలు చెక్క మీదో వాడండి. గ్రానైట్ గట్టు మీద ఒక్క వేటు వేసినా పదును పోయినట్టే.

వానాకాలంలో మళ్లీ తుప్పు పడుతోంది.

వాడగానే కడిగి తుడిచేయండి. సింకులో వదలొద్దు. రోజూ వాడేదానికి కొబ్బరి నూనె చాలు. నెలల తరబడి దాచేదానికి మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ మంచిది, అది జిగురు కట్టదు, వాసన రాదు. పల్లీ నూనె, పొద్దుతిరుగుడు నూనె కొన్నాళ్లకు బంకగా మారతాయి. తోలు ఒరలో ఉంచి దాచొద్దు, తోలు తేమను పట్టుకుంటుంది.

ఇంట్లో పెట్టుకోవడం నేరమా? అమెరికాలో ఉన్న మా అబ్బాయికి పంపొచ్చా?

ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాలకు మించిన పొడవు గానీ, 2 అంగుళాలకు మించిన వెడల్పు గానీ ఉన్న బ్లేళ్ల ప్రస్తావన ఉంది. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమ పనికి చేసినవాటికి అందులో మినహాయింపు ఉంది. వంటకూ వృత్తికీ చేసిన కత్తి ఇంట్లో ఉండటం మామూలే. దాన్ని పట్టుకుని వీధిలో తిరగడం వేరు. సాన పట్టించడానికి తీసుకెళ్లేటప్పుడు అట్టలో చుట్టి, తాడు కట్టి, సంచిలో పెట్టండి. మెట్రోలో తీసుకెళ్లే ఆలోచన చేయకండి, తనిఖీలో ఆపుతారు.

విదేశాలకు పంపడం ఇంకా సున్నితమైన విషయం. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. మీ కత్తి వయసు మీద అనుమానం ఉంటే, అది పురావస్తువు కాదని పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకున్నాకే పంపండి. విమానంలో అయితే చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి.

అమ్మితే ఎంత వస్తుంది?

ముద్ర స్పష్టంగా ఉండి, పిడి అసలుదై, ఎవరూ గ్రైండర్ పెట్టని కత్తికి సేకరించేవాళ్లు మంచి ధర ఇస్తారు. కొత్తగా పాలిష్ చేసినదానికి తక్కువే ఇస్తారు. కాబట్టి అమ్మే ఉద్దేశం ఉంటే జిడ్డు కడిగి, నూనె రాసి, అంతటితో ఆపండి. మిగతాది కొనేవాళ్లు వాళ్ల ఇష్టప్రకారం చేసుకుంటారు.